కోలారు గనులు - మన బోర్లు

 డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెబుతారు; నేను కోలారు సంగతి మనవి చేస్తాను.

2001లో మూతబడిన ఆ బంగారు గనుల్లో మన తెలుగువాళ్లూ తరతరాలుగా పనిచేశారు. 2012 నవంబరులో, కూడంకుళం కేసు సందర్భంగా, అణు వ్యర్థాలను ఆ పాడుబడ్డ గనుల్లో పూడ్చే ఆలోచన ఉన్నట్లు కేంద్రం తరఫున సుప్రీంకోర్టుకు తెలిపారు. కోలారు భగ్గుమంది. కర్ణాటక ముఖ్యమంత్రి జగదీశ్ శెట్టర్ ఒప్పుకోమన్నారు. కొద్దిరోజులకే అలాంటి ప్రతిపాదన లేదని అణుశక్తి శాఖ సర్దుకుంది. ముప్పయ్యేళ్లు ఫైళ్లు రాసినవాణ్ణి; లేని ప్రతిపాదన కోర్టు కాగితంలోకి ఎలా ఎక్కిందో నాకిప్పటికీ బోధపడదు.

మనకెందుకంటారా? 2019లో ఆళ్లగడ్డ దగ్గర యాదవాడలో యురేనియం అన్వేషణకు బోర్లు వేస్తుంటే జనం అడ్డుపడ్డారు. ఆ ఏడాదే సెప్టెంబరు 16న, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అది తవ్వి తీయడం, ఇది పూడ్చడం, నిజమే. భయం మాత్రం రెండుచోట్లా నీళ్ల గురించే.

కరెంటు వద్దనను. కానీ నాకున్నది ఎకరంన్నర, ఒక బోరు. మా మనుమలు తాగేది ఆ నీళ్లే. అందుకే గ్రామసభ అంటే చేతికర్ర పట్టుకునైనా వెళ్తున్నాను. తీర్మానం మొత్తం చదివించుకున్నాకే సంతకం పెడుతున్నాను. ఖాళీ కాగితం మీద పెట్టమంటే పెట్టను. మీరూ రండి.