పాలు పోసేవాళ్లే యజమానులు



ఈ ఏడాది విద్యార్థి నాయకత్వ యాత్రలో మన బడి పిల్లలతో ఒక రోజు ములకనూరు వెళ్లాను. 1956లో పుట్టిన రైతుల సహకార సంఘాన్ని, 2000లో మొదలైన మహిళా డెయిరీని చూశాం. పాల కేంద్రంలో వెన్నశాతం కొలిచి, దాన్నిబట్టే ధర కడతారు.

“ఇక్కడ యజమాని ఎవరు?” అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది.

“పాలు పోసేటోళ్లమే బిడ్డా. పాలకవర్గాన్ని మేమే ఎన్నుకుంటం” అన్నారు ఒక సభ్యురాలు.

తిరిగి వస్తుంటే బస్సులో ఆ అమ్మాయే, “మరి మా క్లాస్ లీడర్‌ని సార్లే ఎందుకు పెడతారు?” అంది.

ఇంజనీరుగా నాకు తెలిసింది ఒక్కటే: కొలత అందరి కళ్లముందు జరిగితేనే లెక్క మీద నమ్మకం కుదురుతుంది. నాయకత్వమూ అంతే.

ఈ స్వర్ణోత్సవ వేళ టీచర్లకు నా మనవి: వచ్చే జూన్‌లో పిల్లలతో ఓటు వేయించండి. బ్యాలెట్ పెట్టె నేను చేయించి ఇస్తాను.