పాత ఉడుపులు - ఛాయాచిత్రాల సాక్ష్యం

మన ఇళ్ళలో గోడలకు వేలాడే పాతకాలపు ఛాయాచిత్రాలను ఎప్పుడైనా నిదానించి చూచినారా? అమ్మమ్మ నుదుటి కుంకుమబొట్టు ఎర్రనిదని ఇంటిల్లిపాదికీ తెలుసు. చిత్రంలో మాత్రం అది నల్లని చుక్కగా కనిపిస్తుంది. ఆమెను ఎరిగినవారు వున్నంతకాలం ఇందువల్ల చిక్కు లేదు. వారు లేనినాడు, చూచేవారు ఆ నలుపును నలుపే అనుకొంటారు.

అమెరికాలో బేస్‌బాల్ ఆట తొలిచరిత్రను, అందులోను ఆనాటి జట్ల ఉడుపులను పరిశోధించేవారికి సరిగా ఈ చిక్కే ఎదురవుతున్నది. బేస్‌బాల్ మనమెరిగిన క్రికెట్టుకు దూరపు చుట్టం వంటిది. జట్టుకు తొమ్మిదిమంది, బంతి, బ్యాటు, పరుగు ఇందులోను వున్నవి. మొదట దీనిని వినోదానికే ఆడేవారు. న్యూయార్కులోని నికర్‌బాకర్ క్లబ్బువారు 1849లో తమ సభ్యులకొక ఉడుపు నిర్ణయించినారు: నీలిరంగు ఉన్ని పంట్లాము, తెల్లని ఫ్లానెల్ చొక్కా, గడ్డిటోపీ.

ఆట జీవనవృత్తిగా మారడంతో ఉడుపూ మారినది. సిన్సినాటి నగరపు జట్టు 1869లో తన ఆటగాళ్ళందరికీ జీతాలిస్తున్నామని బాహాటంగా చెప్పుకొన్నది. అట్లా చెప్పుకొన్న జట్లలో అదే మొదటిది. నాయకుడు హ్యారీ రైట్ ఇంగ్లండులో పుట్టినవాడు, క్రికెట్ ఆటగాని కుమారుడు. అతని జీతం 1,200 డాలర్లు. ఆటలో మేటి అయిన తమ్ముడు జార్జికి 1,400. ఈ జట్టువారు 1868లోనే, పరుగుకు అడ్డుపడే పొడుగు పంట్లాములను విడిచి, మోకాళ్ళవరకే వుండే లాగులూ ఎర్రని మేజోళ్ళూ తొడిగినారు. వాటిని కుట్టి యిచ్చినది ఆ వూరిలో కుట్టుపని దుకాణం నడిపే బెర్తా బెర్ట్రామ్ అనే ఆమె. 1869లో ఆ జట్టు ఓటమి ఎరుగదు. ఎర్ర మేజోళ్ళే దానికి ఇంటిపేరయినవి.

ఇక ఆ జట్టు ఛాయాచిత్రం చూడండి. న్యూయార్కులో ఆటవస్తువులు అమ్మే పెక్ అండ్ స్నైడర్ సంస్థవారు తమ ప్రకటన కోసం దానిని చిన్న అట్టలమీద వేసి పంచినారు. అందులో మేజోళ్ళు నల్లగా వున్నవి! తప్పు సంస్థవారిది కాదు. ఆ రోజుల్లో గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రం తీసేవారు. ఆ మందుకు ఎరుపు దాదాపు అగుపించదు, పసుపూ అంతంతమాత్రమే. నీలిమ మాత్రం దానిని వెంటనే అంటుకొంటుంది. అందుచేత చిత్రంలో ఎరుపు నలుపవుతుంది. లేత నీలం ఇంచుమించు తెలుపవుతుంది. బెర్లిన్‌లో ఫోగెల్ అనే ఆచార్యుడు 1873లో దీనికి తరుణోపాయం కనిపెట్టినాడు. అయినా ఎరుపును సరిగా పట్టగల పలకలు ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళకు గాని వాడుకలోకి రాలేదు.

మరి నిజం తెలిసేదెట్లా? పలువురు సాక్షులను ప్రశ్నించాలి. ఆనాటి పత్రికల విలేఖరి "నీలం" అని వ్రాసి వూరుకొంటాడు. ముదురో లేతో చెప్పడు. రంగుల శిలాముద్రణ చిత్రాలున్నవి. కాని ఆ రంగు చిత్రకారుడు కళ్ళారా చూచినదో, ఊహించినదో తేల్చుకోవాలి. అసలు బట్టే దొరికితే, ఉన్నిని పురుగు కొట్టివుంటుంది, రంగు వెలిసివుంటుంది. ఒక సాక్షి మాటను మరొకరు బలపరిస్తేనే నమ్మాలి. కాలనిర్ణయం మరొక సమస్య. హ్యారీ రైట్ 1871లో బోస్టన్‌కు వెళ్ళి, ఎర్ర మేజోళ్ళనూ ఆ పేరునూ వెంట తీసుకొనిపోయినాడు. కాబట్టి అతని ముఖం, మేజోళ్ళు చూచి ఊరు చెప్పరాదు. రొమ్ముమీది అక్షరం కూడా చదవాలి.

1882 నాటి ఉదంతం ఇంకా విచిత్రమైనది. నేషనల్ లీగువారు ఆటగాడు నిలిచే చోటునుబట్టి చొక్కా రంగు నిర్ణయించినారు. బంతి విసిరేవానికి ఒక రంగు, దానిని వెనుక నిలిచి పట్టేవానికి మరొక రంగు. ఏ జట్టువాడో తెలిపేవి మేజోళ్ళు మాత్రమే. రెండు జట్లలోను ఒకే స్థానం వారికి ఒకే రంగు చొక్కా కావడంతో మైదానమంతా గందరగోళమై, జనం నవ్వినారు. ఆ ఆటల కాలం ముగియకముందే ఆ ఏర్పాటు రద్దయినది. ఆనాటి ఛాయాచిత్రాలే మనకు ఆధారమైతే, ఆ రంగుల సంత జాడ కూడా మనకు తెలియదు. అచ్చయిన నిబంధనలూ, పత్రికల వ్రాతలూ నిలిచినందువల్లనే తెలిసినది.

ఇంత శ్రమ మేజోళ్ళ కోసమా అని మీరు అడగవచ్చు. పొట్టకూటికి ఆట ఆడినవారి శ్రమకూ, వారికి బట్టలు కుట్టిన చేతులకూ మిగిలిన గుర్తులు ఇటువంటివే. వాటినైనా ఉన్నవి ఉన్నట్టు చెప్పుకోవడం మన విధి. ఈ పూట మీ ఇంటి గోడమీది చిత్రాన్ని ఒకసారి దింపండి. ఆ చీర రంగు ఎరిగిన పెద్దవారు ఇంట వుంటే అడిగి తెలుసుకొని, చిత్రం వెనుక పేరూ, సంవత్సరమూ, రంగూ వ్రాసి వుంచండి. రేపటి పరిశోధకునికి అంతకు మించిన సాక్ష్యం దొరకదు.