కాలిన ఒంటికి పత్యం పెట్టకండి

సోదరీమణులారా! నిప్పుతో కాపురం చేసేవాళ్ళం మనమే కనుక ఈ మాట మీతోనే చెప్పాలి.

మా చిన్నత్తది సింహాద్రిపురం. ఒకనాటి సాయంత్రం సంగటికి పెట్టిన ఎసరు దించబోతే మసిగుడ్డ జారి, మరిగే నీళ్ళు పొట్ట మీదా తొడల మీదా పడ్డాయి. పట్నంలో ఆస్పత్రిలో చేర్చాం. చూడవచ్చిన వాళ్ళందరూ వైద్యులే! పప్పు పెడితే చీము పడుతుందని ఒకరు, గుడ్డు వేడని ఒకరు, వంకాయ పేరే ఎత్తొద్దని మరొకరు. మేమూ విన్నాం. పదిరోజులు గంజి, రొట్టెముక్క. "గ్లూకోజు ఎక్కుతోంది కదా, ఇంక తిండెందుకు?" అన్నది నేనే. పుండ్లు మానలేదు సరికదా, మనిషి పుల్ల అయిపోయింది.

అప్పుడొక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి లెక్క చెప్పారు. 5 శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. నూరు కేలరీలకు మించదు. రెండిడ్లీల పాటి! బాగా కాలిన 50 కిలోల మనిషికి రోజుకు 75 నుంచి 100 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒళ్ళు కాలాక లోపలి పొయ్యి వారాల తరబడి మండుతూనే ఉంటుంది. బయటినుంచి వంటచెరకు అందకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది.

కాలింది చర్మం కదా, పేగుకేం సంబంధం అంటారేమో. పెద్ద గాయమైనప్పుడు పేగుకు రక్తం తగ్గి, లోపలి పొర పలచబడుతుంది. ఆ పొర మన ఇంటి ప్రహరీగోడ లాంటిది. పేగులో ఉన్న కోట్లాది క్రిముల్ని రక్తంలోకి రానివ్వదు. ఒంట్లోని రక్షక కణాల్లో పెద్ద భాగం కాపలా కాసేదీ అక్కడే. గోడ బీటలిస్తే కాపలా ఏం చేస్తుంది? కడుపులో తిండి పడుతుంటేనే ఆ గోడ నిలబడుతుంది. నరానికి ఎక్కించేది ఆ పని చెయ్యదు. అందుకే తీవ్రంగా కాలినవారికి చేరిన 12 గంటల్లోపే, నోటితో తినలేకపోతే ముక్కులోంచి సన్నని గొట్టం వేసి అయినా, ఆహారం మొదలుపెడతారు.

మరి మందుల షాపు డబ్బాలో? గ్లుటమిన్ అనేది పేగు కణాలకు మంచి మేత. విడిగా ఇస్తే త్వరగా కోలుకుంటారని చాలాకాలం నమ్మారు. 14 దేశాల్లో 1200 మందికి పైగా రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితం 2022లో వెలువడింది. గ్లుటమిన్ తీసుకున్నవాళ్ళు తీసుకోనివాళ్ళకంటే ముందుగా ఇల్లు చేరలేదు! జింకు, రాగి, సెలీనియం మాత్రం పుండు రసితో పోతాయి. అవి డాక్టర్లే లెక్కకట్టి ఇస్తారు. పెరుగు మంచిది కదా అని ప్రోబయాటిక్ మాత్రలు మనంతట మనం కొని వెయ్యకూడదు. గోడ బలహీనంగా ఉన్నప్పుడు ఆ మంచి క్రిములూ రక్తంలో చేరవచ్చు.

మా చిన్నత్తకు డాక్టరమ్మ చెప్పినట్టే పాలు, పప్పు, చెనిక్కాయల పొడి కలిపిన మెత్తటి సంగటి, మా వైపు తోటల చీనీరసం, రోజుకు రెండు గుడ్లు పెట్టాం. గుడ్డుకు 6 గ్రాముల మాంసకృత్తులు. కొంచెం కొంచెంగా ఆరుసార్లు. (మూత్రపిండాల జబ్బు, షుగరు ఉన్నవాళ్ళకు లెక్క వేరు, అడిగి పెట్టండి.) వేలు చుర్రుమన్నంత చిన్న గాయానికి ఇవేవీ అక్కర్లేదు. 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టి, మామూలు భోజనం చేస్తే చాలు.

నెలన్నరకు చిన్నత్త ఇంటికి వచ్చింది. గుడ్డు మాత్రం ఇప్పటికీ మొహం పక్కకు తిప్పుకునే తింటుంది.