గుండె ఆగినప్పుడు

ఆగిరిపల్లి, నూజివీడు తోటలలో మామిడికోత వేసవి యెండలలోనే సాగును. చిక్కపుగెడ పట్టిన నడివయసు కూలి యొకడు చెట్టుక్రింద ఉన్నట్టుండి కూలెననుకొందము. చుట్టునున్నవారు నీళ్లు చల్లుదురు. కాళ్లుచేతులు కొట్టుకొన్నచో మూర్ఛ యని చేతిలో తాళపుచెవులు పెట్టుదురు. లేవనెత్తి నులకమంచముపై పరుండబెట్టుదురు. అన్నియు ప్రేమతో చేయు పనులే. కాని ఆగినది గుండె యైనచో, అంతలో విలువైన నిమిషములు గడచిపోవును.

గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. రక్తనాళము పూడి ఛాతీలో నొప్పి పుట్టుట మొదటిది. అప్పుడు మనిషి సాధారణముగా మాటాడుచునే యుండును. గుండెలోని విద్యుత్క్రమము తప్పి రక్తము నడువకుండుట రెండవది. క్షణములలో స్పృహ పోవును. మొదటిది ఒక్కొక్కప్పుడు రెండవదానికి దారితీయును. అందుచేత చెమటలు పట్టి, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పిని గ్యాసు అనుకొని సోడాతో సరిపెట్టుకొనరాదు. రక్తపోటు, చక్కెర చూపించుకొనుట, చుట్ట మానుట మున్నగు ముందుజాగ్రత్తలను గూర్చి వినని యిల్లు లేదు గావున వానిని ఇంతటితో విడుతుము.

గుండె ఆగిన పిమ్మట సాయము లేక గడచు ప్రతి నిమిషమునకు బ్రతుకు ఆశ నూటికి 7 నుండి 10 వంతులు తగ్గును. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవ గొప్పదే. ఐనను తోటలోని బండిదారిన ఏ వాహనమైనను మెల్లగనే రావలెను. అంతవరకు ప్రక్కవాని చేతులే దిక్కు.

ఛాతీని కోయకుండ పైనుండి నొక్కియే రక్తమును నడిపింపవచ్చునని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించిరి. వీరిలో కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు! ఈ సంగతి మాకెంతయో ధైర్యము నిచ్చినది.

పిలిచినను పలుకక, ఊపిరి లేకున్నను, ఎగశ్వాసగా నున్నను, ఒకరు 108కి ఫోను చేయవలెను. మరియొకరు మనిషిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. నులకమంచము క్రుంగును గనుక అది పనికిరాదు. రొమ్ము నడుమ అరచేతి మడమ నుంచి, దానిపై రెండవచేయి వేసి, మోచేతులు వంచక, 5 సెంటీమీటర్లకు తగ్గక, 6 మించక, నిమిషమునకు 100 నుండి 120 మార్లు నొక్కవలెను. నొక్కినప్పుడెల్ల ఛాతీని మరల పూర్తిగా లేవనీయవలెను. రెండేసి నిమిషములకు చేతులు మారవలెను, ఏలయన అలసినచేయి లోతుగా నొక్కజాలదు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు ఆరాంఘర్ కూడలిలో కూలిన ఒకరిని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇట్లే నొక్కి కాపాడెను. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వము ఈ శిక్షణను మొదలుపెట్టినది. డెన్మార్కు దేశము 2005లోనే దీనిని బడిచదువులో చేర్చినది. అచ్చట 2001లో ప్రక్కవారి సాయము నూటికి 21 మందికే అందగా, 2010 నాటికి 45 మందికి అందెను. నెలనాళ్లు దాటి బ్రతికినవారు నూటికి నలుగురికి లోపు నుండి 11 మందికి చేరువైరి.

ప్రక్కటెముక విరుగునేమో యని జంకువారు కలరు. విరుగవచ్చును. విరిగిన యెముక అతుకుకొనును.