రాయి నీళ్ళలో కరుగుతుందా?



ఒక ఇల్లాలు పొయ్యి మీద పులుసు పెట్టింది. అందులో ఉప్పు వేసింది. బెల్లం ముక్క వేసింది. నాలుగు మిరియాలు వేసింది. కాసేపటికి ఉప్పు కనపడదు. బెల్లం కనపడదు. మిరియాలు మాత్రం అలాగే ఉంటాయి. మరి ఉప్పు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పులుసులోనే ఉంది. కంటికి కనపడదు గానీ నాలుకకు తెలుస్తుంది.

భూమి లోపల కూడా ఇలాంటి వంటే జరుగుతుంది. వాన నీరు నేలలోకి ఇంకుతుంది. రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. రాతిలో కరిగే సరుకును కలుపుకుంటుంది. కరగనిదాన్ని వదిలేస్తుంది.

ముందు కరగనిదాని సంగతి చూడండి. గ్రానైటు రాతిలో జిర్కాన్ అనే గింజలు ఉంటాయి. సన్న ఇసుక రేణువంత ఉంటాయి. జిర్కోనియం అనే లోహం ఈ గింజల్లో ఉంటుంది. రాయి ఎండకు ఎండి, వానకు తడిసి, చివరికి మట్టి అవుతుంది. జిర్కాన్ మాత్రం కరగదు. గింజ గింజగానే మిగులుతుంది. ఏళ్ళ తరబడి వాగులూ నదులూ ఆ గింజలను సముద్రం దాకా తోసుకుపోతాయి. శ్రీకాకుళం, భీమునిపట్నం వైపు సముద్రపు ఇసుకలో జిర్కాన్ ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్ అనే చోట దొరికిన ఒక గింజ వయసు సుమారు 440 కోట్ల ఏళ్ళు! అది పుట్టిన రాయి ఎప్పుడో అరిగిపోయింది. గింజ నిలిచింది.

ఇది శాస్త్రవేత్తలకు కొలబద్దగా పనికొస్తుంది. మట్టిలో జిర్కోనియం వాటా రాతిలో కన్నా రెట్టింపు ఉందనుకోండి. అంటే రాతి సరుకులో సగం నీటితో పోయిందని లెక్క. పాయసం మరిగి తగ్గితే జీడిపప్పులు దగ్గరపడతాయి కదా, అలాగే.

అయితే ఇంత మొండి జిర్కోనియం కూడా ఒకచోట కాస్త కరుగుతుంది. భూమి బాగా లోతున నీరు వందల డిగ్రీల వేడిగా ఉంటుంది. ఆ వేడి నీటిలో ఫ్లోరైడు కలిస్తే, అది జిర్కోనియాన్ని పట్టుకుని నడిపిస్తుంది. దారిలో కాల్షియం ఉన్న రాయి తగిలితే ఫ్లోరైడు కాల్షియంతో చేరిపోతుంది. అప్పుడు జిర్కోనియం అక్కడే దిగబడిపోతుంది.

ఆ ఫ్లోరైడు పేరు గుర్తుపెట్టుకోండి. జిర్కోనియం కరగడానికి అంత వేడి కావాలి. ఫ్లోరైడుకు వేడి అక్కరలేదు. బోరులోని చల్లని నీటిలోనే కరుగుతుంది. నల్గొండ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు ఉన్నాయి. వానలు తక్కువైన చోట నీరు రాళ్ళ మధ్య ఎక్కువకాలం నిలుస్తుంది. కాల్షియం తక్కువున్న నీటిలో ఫ్లోరైడు మరింత చేరుతుంది.

ఆ నీరు అద్దంలా ఉంటుంది. వాసన ఉండదు. ఉప్పులాగా నాలుకకు కూడా తెలియదు. ఏళ్ళ తరబడి తాగితే మాత్రం పిల్లల పళ్ళు గారపడతాయి. పెద్దవాళ్ళ కీళ్ళు పట్టేస్తాయి. నడుము వంగిపోతుంది. వంగిన ఎముకను మందు సరిచేయలేదు. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు గుర్తించారు. దీని పేరు ఫ్లోరోసిస్. ఇది శాపమూ కాదు, పాపమూ కాదు. నీళ్ళలో కరిగిన రాయి.

“కాచి తాగితే పోదా?” అని అడుగుతారు. పోదు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు మాత్రం పులుసులో ఉప్పులాగే మిగులుతుంది. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా పోదు.

పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తగ్గించే పద్ధతి ఒకటుంది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. అందులో పటిక మడ్డిగా మారి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఎంత వేయాలో మాత్రం నీటి పరీక్ష చూసి, తెలిసినవాళ్ళు చెప్పాలి. ఊరికే గుప్పెడు వేయకూడదు.

తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ మొదలైంది. నది నీరు కుళాయిల్లో ఇళ్ళకు వచ్చింది. కానీ కుళాయి రాని రోజున బిందె మళ్ళీ బోరు దగ్గరికే పోతుంది. అందుకని ఊళ్ళో ఏ బోరు మంచిదో ముందే తెలిసి ఉండాలి. పక్కపక్క బోర్లలో కూడా తేడా ఉంటుంది. ఒక సీసా నీరు పట్టి, పంచాయతీలో అడిగి పరీక్ష చేయించండి. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు ఈ పరీక్ష నేర్పాలని పెట్టారు. ఆ ఐదుగురిలో మీరు ఎందుకు ఉండకూడదు?

పరీక్ష చీటీలో ఫ్లోరైడు అన్న మాట వెతకండి. దాని ఎదురుగా ఉన్న అంకె చదవండి. లీటరుకు 1 మిల్లీగ్రాము, అంతకన్నా తక్కువ ఉంటే మంచి నీరు. 1.5 దాటితే తాగడానికీ వంటకీ వద్దు. అంకెల మధ్య చుక్క ఉంటుంది, చూసి చదవండి. 1.5 అంటే పదిహేను కాదు, ఒకటిన్నర.

చీటీ ఇంకొకరి చేత చదివించుకోనక్కర్లేదు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు.