బూజు పోయినా విషం పోదు

బూజు పట్టిన వేరుశనగ చెక్కను ఎండలో ఆరబోసి, దులిపి గేదెకు పెట్టేయడం చాలా ఇళ్లలో మామూలే. దులిపితే పోయేది పైనున్న బూజు మాత్రమే. అది వదిలిన విషం చెక్కలోనే ఉండిపోతుంది. దాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో దానికి ఎప్పుడో చోటు దక్కింది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు వరసగా చచ్చిపోయాయి. జబ్బేమిటో అంతుబట్టక ‘టర్కీ ఎక్స్’ అన్నారు. ఆరా తీస్తే కారణం దాణాలో కలిపిన, ఈ విషమెక్కిన బ్రెజిల్ వేరుశనగ పిండి అని తేలింది. మన దేశంలో 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో వానకు తడిసి బూజెక్కిన మొక్కజొన్న తిన్న గిరిజనులకు కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి. వంద మందికి పైగా చనిపోయారు. ఆ ఇళ్లలోని కుక్కలనూ అదే జబ్బు పట్టింది. దీని వెనకున్నది బూజు విషమేనని తేల్చినది హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

మరి విషమెక్కిన సరుకునంతా పారబోయాల్సిందేనా?

దీనికి రసాయనశాస్త్రం చూపిన దారుల్లో బాగా నిలిచింది అమ్మోనియా. అఫ్లాటాక్సిన్ అణువులో లాక్టోన్ అనే వలయం ఒకటుంది. విషానికి పదునంతా చాలావరకు అక్కడే. తేమ తగిలిన పిండిలోకి అమ్మోనియా వాయువును పంపి, ఒత్తిడిలో 80 నుంచి 120 డిగ్రీల దాకా వేడిచేస్తే ఆ వలయం తెరుచుకుంటుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పని అంతటితో ఆపితే, పశువు కడుపులోని ఆమ్లం తగలగానే వలయం మళ్లీ మూసుకుని పాత విషం తిరిగి రావచ్చు. వేడి ఇంకొంత సాగితే అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది. ఆ తర్వాత వెనక్కి తిరగడం ఉండదు, మిగిలినదానికి విషశక్తి చాలా తక్కువ. సరిగ్గా చేసినచోట 99 శాతానికి పైగా అఫ్లాటాక్సిన్ నశించినట్టు పరీక్షల్లో తేలింది. అమెరికాలోని అరిజోనాలో పత్తి గింజలకు, ఆఫ్రికాలోని సెనెగల్‌లో ఐరోపాకు పంపే వేరుశనగ పిండికి ఈ పద్ధతి వాడారు.

లోపాలూ ఉన్నాయి. పిండి రంగు ముదురుతుంది, ఘాటు వాసన పడుతుంది, లైసిన్ వంటి పోషకాలు కొంత తగ్గుతాయి. పైగా ఇది అన్ని బూజు విషాల మీదా ఒకేలా పనిచేయదు. అందుకే ఇది దాణాకే పరిమితం. ఐరోపా చట్టం రసాయనాలతో విషం విరిచిన గింజను మనిషి తిండిలోకి రానివ్వదు.

నూనె సంగతి వేరు. రిఫైనరీలో క్షారంతో కడిగి, రంగు తీసే సరికి వేరుశనగ నూనెలోని అఫ్లాటాక్సిన్ దాదాపు పోతుంది. గానుగ నూనెకు ఆ కడుగుడు లేదు కాబట్టి అక్కడ గింజ మంచిదై ఉండటమే దిక్కు. గానుగ నూనెను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఈ సంగతి ఎందుకో ఎత్తరు.

ఇక మన పాడి రైతులకు ఒక హెచ్చరిక. వరిగడ్డిని యూరియాతో మాగవేయడం తెలిసిన విద్యే. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా కలిపి కప్పిపెడితే, అందులో పుట్టే అమ్మోనియా గడ్డిని మెత్తబరుస్తుంది. అదే చిట్కా బూజు చెక్క మీదా పనిచేస్తుందని అనుకోవడం ప్రమాదం. కొట్టంలో కారఖానా వేడీ ఒత్తిడీ ఉండవు, విషం ఎంత మిగిలిందో కొలిచే పరీక్షా ఉండదు. పైగా యూరియా మోతాదు మించితే పశువు ప్రాణానికే ముప్పు. సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో చేసే ప్రయోగాలూ అంతే.

బూజు దాణా తిన్న ఆవు పాలలోకి ఒక్క రోజులోనే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం దిగుతుంది. దాణా మారిస్తే కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. పాలలో అది కిలోకు 0.5 మైక్రోగ్రాము దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. పాలు కాచినా అది పోదు.

కాబట్టి వేరుశనగ కాయల్ని పీకిన వెంటనే తేమ 8 శాతానికి దిగేదాకా ఎండబెట్టండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, పుచ్చినవి ఏరి పారేయండి, వాటిని చెక్క ఆడించే గింజల్లో కలపకండి. బస్తాల్ని నేలమీద కాకుండా కర్ర పలకల మీద పేర్చండి. చెక్క కొనేటప్పుడు అఫ్లాటాక్సిన్ పరీక్ష చీటీ చూపమని వ్యాపారిని అడగండి. చూపలేకపోతే ఆ బస్తా అక్కడే వదిలేసి రండి.