తీరిక లేని పాటగాడు - బొమ్మ రైళ్ల పట్నం



"చెయ్యాలనే ఉంది, కానీ తీరిక ఏదీ?" ఈ మాట వినపడని ఇల్లు ఉండదు. తీరిక బొత్తిగా లేని ఒక మనిషి ఇరవై ఏళ్లకు పైగా ఒకే పనిని పట్టుకుని సాధించాడు. ఆ సంగతి వినండి.

ఆయన పేరు రాడ్ స్టీవర్ట్. 1945లో లండన్‌లో పుట్టాడు. చాలా దేశాల్లో పేరున్న పాటగాడు. చిన్నప్పుడు వాళ్ల ఇంటి దగ్గర రైలు పట్టాలు ఉండేవి. పిల్లవాడికి రైళ్లంటే పిచ్చి. బొమ్మ రైలుకి ఒక బొమ్మ స్టేషను కొనిపెట్టమని నాన్నని అడిగాడు. నాన్న గిటారు తెచ్చి చేతిలో పెట్టాడు! ఆ గిటారే తర్వాత అన్నం పెట్టింది. రైళ్ల పిచ్చి మాత్రం పోలేదు.

పెద్దయ్యాక అమెరికాలో, లాస్ ఏంజెలస్ పక్కన ఉన్న బెవర్లీ హిల్స్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి పై అంతస్తులో బొమ్మ రైళ్ల పట్నం మొదలుపెట్టాడు. 1940ల నాటి న్యూయార్కు, షికాగో లాంటి పట్నం అది. జాగా సుమారు 1,500 చదరపు అడుగులు. అంటే మూడున్నర సెంట్ల లోపు.

ఇలాంటి పనికి ముందు లెక్క కావాలి. అసలు వస్తువుని 87 భాగాలు చేస్తే, అందులో ఒక భాగం అంత ఉంటుంది బొమ్మ. 85 అడుగుల రైలు పెట్టె అడుగు లోపే వస్తుంది. అయిదున్నర అడుగుల మనిషి ముప్పావు అంగుళం అవుతాడు. రైలు తిరిగే మలుపు మరీ ఇరుకైతే పెట్టెలు పట్టాలు తప్పుతాయి. అందుకే పట్టా ఎటు పోవాలి, వంతెన ఎక్కడ, మేడ ఎక్కడ అన్నది ముందే కాగితం మీద గీసుకోవాలి. ఆ పట్నంలో కొన్ని మేడలు అయిదడుగుల ఎత్తు. మనిషంత ఎత్తు బొమ్మలన్నమాట!

మరి తీరిక? ఆ ఏళ్లలోనే ఆయన 13 ఆల్బములు పాడాడు. 19 సార్లు కచేరీల కోసం ఊళ్లు పట్టుకు తిరిగాడు. ఇంటి దగ్గర ఉండేదే తక్కువ. పట్నమేమో ఇంటి మీద ఉండేది.

అందుకని పనిని ముక్కలు చేసుకున్నాడు. పట్టాలు, కొండలు ఇంటి దగ్గరే చెయ్యాలి. మేడలు అలా కాదు. ఒక్కో మేడ విడిగా చేసుకోవచ్చు. మేడల విడి భాగాలు, రంగులు, పనిముట్లు పెట్టెల్లో సర్ది కచేరీలకి వెంట తీసుకుపోయేవాడు. దిగిన హోటల్లో ఇంకో గది అడిగేవాడు. ముందుగా కబురు పెడితే హోటలు వాళ్లు అందులో మంచాలు తీసేసేవారు. రంగుల వాసన పోవడానికి ఫ్యాన్లు పెట్టేవారు. కచేరీ రాత్రికి కదా, పగలు దొరికిన గంటో రెండు గంటలో అక్కడ కూర్చునేవాడు.

"డబ్బున్నవాడు, ఎన్ని గదులైనా తీసుకుంటాడు" అని మీరు అనవచ్చు. నిజమే. వంట, నీళ్లు, పిల్లలు నెత్తిన ఉన్న ఆడమనిషికి ఇంకో గది ఎవరిస్తారు? ఆ తేడా దాచకూడదు. కానీ డబ్బుతో గది దొరుకుతుంది గానీ ఓపిక దొరకదు.

ఆ ఓపిక ఎలాంటిదో వీధులు చూస్తే తెలుస్తుంది. కాలిబాటకి ముందు బూడిద రంగు వేస్తాడు. మీద నల్ల పొడి అద్దుతాడు. సన్నగా పగుళ్లు గీస్తాడు. కాలవ పక్కన చెత్త కూడా పెడతాడు! కార్లకి తుప్పు రంగు వేస్తాడు. పాత గిడ్డంగులు, మసిబారిన గోడలు ఆయనకి అందంగా కనపడతాయి. కొత్త బొమ్మలా మెరిస్తే అది ఊరులా ఉండదు మరి. రైళ్లు నడపడం కన్నా ఇలా కట్టడమే ఆయనకి ఇష్టం.

2019లో బ్రిటన్‌లో 'రైల్వే మోడలర్' అనే పత్రిక ఆ పట్నం ఫోటోలు వేసింది. అప్పుడు రేడియోలో ఒకాయన, ఇదంతా ఆయన సొంతంగా చేసి ఉండడులే అన్నట్టు మాట్లాడాడు. స్టీవర్ట్ ఊరుకోలేదు. తనే ఆ కార్యక్రమానికి ఫోను చేశాడు. నూటికి తొంభై వంతులు తన చేత్తో చేసిందేనన్నాడు. కరెంటు పని తనకి రాదని, దానికి వేరే మనిషిని పెట్టుకున్నానని కూడా చెప్పాడు.